నానబోసినవాడు

నా నోరు మంచిది కాదని మా వీధి వీధంతా ఒప్పుకుంటుంది. మిర్యాలగూడలో ఒక చిన్న ప్రైవేటు బడిలో పిల్లలకు తెలుగు చెప్తాను గానీ, కోపమొస్తే నా నోటివెంట వచ్చే తెలుగు ఏ పాఠంలోనూ ఉండదు. ఆ శుక్రవారం సాయంత్రం మా ఆయన సాంసన్ మిల్లు నుంచి వచ్చి, గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతూ, "రాణీ, సేటు ఇంకొక్క లోడు నానబోయమన్నడు. పోసిన" అన్నాడు. నేను ఎత్తుకున్న తిట్లకు పక్కింటివాళ్లు టీవీ సౌండు తగ్గించుకుని మరీ విన్నారు.

"సోమవారం కోదాడల జాయిన్ అయ్యేటోనివి, శుక్రవారం నాడు నానబోస్తవా? బుర్ర ఉన్నదా నీకు? అసలు ఊక ఉన్నదా ఆడ?"

"రేపు పొద్దున లారీ వస్తదన్నడు. ఉడకబెట్టి ఆరబోస్తే ఆదివారం కల్లా ఖతం. ఆ బియ్యం అమ్మి అందరి జీతాలు ఇస్తడంట."

"ఇస్తడు, ఎందుకియ్యడు! దసరాకు ఇస్తనన్నడు, క్రిస్మస్‌కు ఇస్తనన్నడు. రేపు నా దినాలకు ఇస్తడు, తీసుకో!"

సాంసన్ చెప్పులు గోడ వారగా పెట్టి లోపలికి వచ్చాడు. ఆయనకు కోపం రాదు. అదే నా ప్రాణానికి వచ్చి పడింది. ఎదురు తిడితే నాకూ కాస్త మనశ్శాంతిగా ఉండేది.

మా ఆయన ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్ ఆపరేటర్. ఆ పని ఎట్లా ఉంటుందంటే, ముందు వడ్లను గది అంత తొట్లలో వేడినీళ్లు పెట్టి నానబోస్తారు. నానినవాటిని బాయిలర్ ఆవిరితో ఉడికించి, ఆరబెట్టి, ఆ తర్వాతే మర ఆడిస్తారు. బాయిలర్‌లో మంటకు ఊకే కావాలి. ఒకసారి నానిన వడ్లు మనకోసం ఆగవు. వేళకు ఆవిరి తగలకపోతే పులుస్తాయి, తర్వాత కుళ్లుతాయి, చివరికి గొడ్లు కూడా మూతి పెట్టవు. అందుకే ఈ బాయిలర్ పనివాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. నానబోసినవాడే ఉడకబెట్టాలి. పని మానుకునేవాడు తొట్టి ఖాళీ అయ్యేదాకా ఆగి, దాన్ని శుభ్రంగా కడిగి, అప్పుడు పోవాలి. నిండు తొట్టిని వదిలి పోయినవాణ్ణి ఇంకో మిల్లువాడు గేటు లోపలికి రానివ్వడు. మా మామ లాజరు కూడా బాయిలర్ మనిషే. కామెర్లతో కళ్లు పచ్చబడినా తొట్టి విడిచి రాలేదని మా అత్త సుగుణమ్మ ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటుంది. ఆ కామెర్లతోనే ఆయన పోయాడన్న సంగతి మాత్రం మాట వరసకైనా అనదు.

ఈ కట్టుబాటు అందరికంటే బాగా అర్థమైంది సేటుకే. జీతాలు ఆపినప్పటి నుంచీ ఎవడైనా మూట సర్దుకుంటున్నాడని తెలిస్తే చాలు, ఎక్కడెక్కడి నుంచో ఒక లారీ వడ్లు తెప్పించి తొట్లో పోయించేవాడు. వడ్లు నానుతుంటే సాంసన్ కదలడు. సాంసన్ కదలకపోతే ఊక ఎగదోసే ఈదయ్య కదలడు. వాళ్లిద్దరూ ఉంటే హమాలీలు "జీతం వస్తదేమోలే" అని ఉంటారు. అంతా వడ్ల పుణ్యమే.

ఆ ఉచ్చులోంచి తప్పించుకున్నది రమేష్ ఒక్కడే. పెద్దవూర దగ్గర తండా పిల్లగాడు, డ్రయర్ దగ్గర పని చేసేవాడు. తొట్టి ఖాళీ అయిన ఒక పొద్దున, ఇంకో లారీ గేటు దగ్గరికి రాకముందే, చాయ్ కూడా తాగకుండా బస్సెక్కి పోయాడు. ఇప్పుడు సూర్యాపేటలో ఒక గోదాములో పని. నెలనెలా జీతం పడుతోంది. కోదాడలో ఒక మిల్లుకు బాయిలర్ మనిషి కావాలని మాకు కబురు చెప్పింది కూడా వాడే. ఆ మిల్లు యజమాని లక్ష్మీకాంతమ్మ. యాసంగి వడ్లు దిగుతున్నాయి, సోమవారం నాటికి వస్తే పని ఖాయమని ఆమె సాంసన్‌తో ఫోన్‌లో మాట్లాడింది. మా వీధి కిరాణా కొట్టువాడు నన్ను చూసి మొహం తిప్పుకునే రోజులవి. నా జీతం ఇంటి కిరాయికే బొటాబొటి. ఆ కోదాడ పని వస్తే బతుకుతాం, లేకపోతే లేదు. సంగతి అంతే.

శనివారం ఊక లారీ రాలేదు. మిల్లులో మూలమూలలా ఊడ్చి పోగేసిన ఊకతో నీళ్లు గోరువెచ్చగా అయ్యాయే తప్ప ఆవిరి పుట్టలేదు. సేటు ఫోన్ ఎత్తడం మానేశాడు.

ఆదివారం చర్చి కాగానే నేను సూర్యాపేట బస్సెక్కాను. సేటు మిల్లు మిర్యాలగూడలో, కాపురం సూర్యాపేటలో. నేను గేటు తీసేసరికి ఆయన వరండాలో అటు తిరిగి నిలబడి ఫోన్ మాట్లాడుతున్నాడు.

"నడుస్తుంది సార్, నడవకేం? తొట్లె వడ్లు నానుతున్నయ్, మీ బ్యాంకు తరఫున ఎవర్నన్న పంపి సూసుకోండ్రి. వర్కర్లు గూడ ఆన్నే ఉన్నరు. మూసేసే మిల్లయితే ఎవడన్న నానబోస్తడా సార్?"

ఆ వడ్లు ఉడకబెట్టడానికి కాదు, బ్యాంకువాళ్లకు చూపించడానికి. మా ఆయన కూడా అంతే, చూపించడానికి.

సేటు ఇటు తిరిగి నన్ను చూశాడు. క్షణంలో మొహానికి నవ్వు పులుముకున్నాడు. "అరె, టీచరమ్మా! రా తల్లీ, కూసో. ఏమే, చాయ్ తే."

"చాయ్ వద్దు సేటూ. ఊక ఏది?"

"బయల్దేరింది తల్లీ. తొవ్వల ఉన్నది."

"ఏ తొవ్వల? నిన్న పొద్దున బయల్దేరిన లారీ ఇంక రాలేదంటే అమెరికా మీదికెళ్లి వస్తున్నదా?"

"జర ఓపిక పట్టాలె. సాంసన్ అంటే నాకు తమ్ముని లెక్క. కష్టకాలంల ఇడిచిపోతే అది మనిషి గుణమేనా, నువ్వే చెప్పు."

"తమ్ముని ఇంట్ల పొయ్యి ఆరిపోతే సూడనోడు అన్న ఎట్లయితడు? కష్టమంతా మా ఇంట్ల ఉన్నది. నీ ఇంట్ల మటన్ ఉడుకుతున్నది."

లోపలినుంచి మసాలా వాసన ఘుమఘుమలాడుతోంది మరి. సేటు తల దించుకున్నాడు. ఆయన కళ్లు నిద్రలేక ఎర్రబడి ఉన్నాయి. అదీ చూశాను. చూసినా నాకు జాలి కలగలేదు. ఇంకో నాలుగు మాటలు అనేసి, గేటు విసురుగా వేసి వచ్చాను.

బస్సు దిగి తిన్నగా మిల్లుకే పోయాను. బిల్లు కట్టలేదని అప్పటికే కరెంటు తీసేశారు. సాంసన్, ఈదయ్య ఇద్దరూ తొట్టి కింద వాల్వు తిప్పి పాత నీళ్లు వదిలేస్తున్నారు. కొత్త నీళ్లు పోస్తూ ఉంటే ఇంకో పూటన్నా వడ్లు ఆగుతాయట. మోటారు లేదు కాబట్టి పక్క మిల్లు నల్లా దగ్గర పట్టుకుని బకెట్లతో మోస్తున్నారు.

నేను విన్నదంతా చెప్పాను. అరిచి చెప్పాను. ఈదయ్య బకెట్ కింద పెట్టి అట్లాగే కూలబడ్డాడు. పెద్దవాడు, మా మామ దగ్గర పని నేర్చుకున్నవాడు. "నాకు ఎరికే బిడ్డా," అన్నాడు మెల్లగా. "ఎరికయ్యి ఏం జేస్త? ఈ వయసుల నన్నెవడు పిలుస్తడు?"

"నిన్ను పిలవకపోతే పిలవకపోనీ. ఈయన్ని పిలిచిండ్రు కదా! ఏమయ్యా, నిన్నే. రేపు పొద్దున మొదటి బస్సుకు కోదాడ పోతున్నవా, లేదా?"

సాంసన్ తొట్టిలో చెయ్యి పెట్టి గుప్పెడు వడ్లు తీసి, గింజ గోటితో నొక్కి చూస్తూ, "ఇంక చెడలే. రేపటిదాక ఊక దొరికితే బతుకుతయ్" అన్నాడు.

"ఊక రాదని చెప్తున్న కదా!"

"రాకపోతే నేనే నాలుగు మిల్లులు తిరిగి అడుక్కొస్త. రాణీ, ఇవి పెన్‌పహాడ్ దిక్కు వడ్లు. మా అమ్మ నడుము వంచి నాట్లేసిన దిక్కు. నా చేత్తోని నీళ్లిడిసిన. సేటు చేసింది సేటు పాపం. వడ్లేం పాపం చేసినయ్?"

"మరి నేనేం పాపం చేసిన?"

ఆయన బకెట్ ఎత్తుకుని నల్లా వైపు నడిచాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. కాసేపు అక్కడే నిలబడి, చీర కుచ్చిళ్లు దోపుకుని, నేనూ ఒక బకెట్ అందుకున్నాను. తిడుతూనే మోశాను. సేటును తిట్టాను, వాళ్ల నాన్నను తిట్టాను, పైనున్న మా మామనూ వదల్లేదు.

సోమవారం పొద్దున కోదాడకని నేను ఇస్త్రీ చేసి పెట్టిన చొక్కా కుర్చీ మీదే ఉంది. సాంసన్ పాత బనీను వేసుకుని మిల్లుకు పోయాడు. మధ్యాహ్నం బడి విరామంలో నేను అన్నం డబ్బా పట్టుకుని పోయేసరికి ఆయన ఫోన్ మోగుతోంది. లక్ష్మీకాంతమ్మ. ఆయన దానివైపు చూస్తూ కూర్చున్నాడే గానీ ఎత్తలేదు.

"ఎత్తు! ఉన్న సంగతి చెప్పు!"

"ఏమని చెప్పాలె? వస్తనని మాటిచ్చి రాలే. ఏ మొకం పెట్టుకోని మాట్లాడాలె?"

"ఇటియ్, నేను మాట్లాడత."

ఆయన ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. ఎన్ని తిట్టినా నాకు చెయ్యి అడ్డం పెట్టని మనిషి, ఆ ఒక్కదానికి మాత్రం నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఫోన్ మోగి మోగి ఊరుకుంది. మళ్లీ రాలేదు.

ఊక కోసం ఆయన తిరగని మిల్లు లేదు. సేటు అందరికీ బాకీ పడ్డాడు, ఆయన పేరు చెప్తే ఎవరూ తట్టెడు ఊక పెట్టలేదు. తన పేరు మీద ఇమ్మని సాంసన్ అడిగితే, "నీకే జీతం లేదంటివి, నువ్వేడికెల్లి ఇస్తవ్?" అని నవ్వారట. అదీ నిజమే కదా.

తర్వాత పుల్లటి వాసన మొదలైంది. మొదట ఇడ్లీ పిండి పులిసినట్టు ఉండేది. ఎండ ముదిరేకొద్దీ అది కుళ్లు కంపయింది. తొట్టి మీద నురగ తేలింది. గింజలకు మొలకలు వచ్చి, ఆ మొలకలు కూడా మురిగిపోయాయి. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు వచ్చి గొడవ చేశారు. హమాలీలు ఒక్కొక్కరే పోయారు. సాంసన్ మాత్రం ఇంకా నీళ్లు మారుస్తూనే ఉన్నాడు. పీనుగకు స్నానం చేయిస్తున్నట్టే ఉందని నేను అనబోయి, ఆయన మొహం చూసి ఊరుకున్నాను.

బ్యాంకువాళ్లు వచ్చారు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని తొట్టిలోకి తొంగిచూశారు. వెంట సేటు కూడా ఉన్నాడు, మా ఆయన వైపు ఒక్కసారి కూడా చూడలేదు. గేటుకు తాళం వేస్తామంటే సాంసన్ వాళ్ల దగ్గరికి పోయి, "సార్, తొట్టి కడిగి పోత, జర టైమియ్యుండ్రి" అన్నాడు. వాళ్లకు అర్థం కాలేదు. జీతం రాక వచ్చి గొడవ చేస్తాడనుకున్న మనిషి తొట్టి కడుగుతానంటున్నాడు. సరేనన్నారు.

ఆ కుళ్లు వడ్లన్నీ పారలతో ఎత్తి బయట గుంటలో పోశారు, ఆయనా ఈదయ్యా. ఈదయ్య చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. సాంసన్ ఏడవలేదు. తొట్టి లోపలికి దిగి, గోడలు చీపురుతో రుద్ది రుద్ది కడిగాడు. ఇంటికొచ్చాక ఎన్ని నిమ్మకాయలు రుద్దుకున్నా ఆయన చేతుల కంపు పోలేదు. అన్నం ముద్ద నోటి దగ్గరికి తెచ్చుకుని, వాసన చూసి, దించేసేవాడు.

మళ్లీ బడికి సెలవొచ్చిన రోజున, ఆయనకు చెప్పే, నేను కోదాడ పోయాను. "లేటయింది, రానియ్యరేమో" అన్నాడు. "కాళ్లు పట్టుకుంట, నీకేం పోయింది?" అన్నాను. కాళ్లు పట్టుకోవడం నా జన్మలో లేదని ఆయనకు తెలుసు. అయినా ఆశగా చూశాడు.

లక్ష్మీకాంతమ్మ మిల్లు హైవే పక్కనే. భర్త పోయాక ఆమే చూసుకుంటోంది. కాంటా దగ్గర మంచం వేసుకుని కూర్చుని, లారీవాళ్లతో మాట్లాడుతోంది. నేనెవరో చెప్పగానే ఆమె మాట ఆగిపోయింది. పనివాళ్లను పంపేసి, నాకు మంచినీళ్లు తెప్పించింది.

"సోమవారం ఫోన్ చేశానమ్మా. ఎత్తలేదు."

"తప్పయింది అమ్మా. తొట్టి నిండా వడ్లున్నయ్. ఇడిసి రాలేకపోయిండు. మీకు ఆ మాట చెప్పడానికి సిగ్గుపడ్డడు."

"ఆ ఒక్క ముక్క చెప్తే సరిపోయేది కదమ్మా! తొట్టి నిండి ఉంది, నాలుగు రోజులు ఆగమంటే ఆగేదాన్ని. అలాంటివాడే కదా నాకు కావలసింది."

నాకు ప్రాణం లేచి వచ్చింది. "అయితే రేపే పంపుత అమ్మా. లేటంటే లేటే, మీరేమన్నా పడతడు."

ఆమె నా మొహంలోకి చూడలేక, లారీ వైపు చూస్తూ చెప్పింది. "ఆలస్యానికేముందమ్మా. అది కాదు సంగతి. మీ సేటు మొన్న మిల్లర్ల మీటింగులో అందరి ముందూ ఏడ్చాడు. జీతాలు ఆలస్యమయ్యాయని కక్షగట్టి బాయిలర్ మనిషి తొట్టెడు వడ్లు మురగబెట్టాడు, అందుకే మిల్లు మునిగింది అని. పేరు కూడా చెప్పాడు. సాంసన్ అని."

నేను లేచి నిలబడ్డాను. ఏమన్నానో నాకే గుర్తులేదు. ఊక లేదన్నాను, కరెంటు లేదన్నాను, నేనే బకెట్లు మోశానని నా చేతులు చూపించాను. బ్యాంకువాళ్లకు చూపించడానికి నానబోయించాడని, ఫోన్‌లో నా చెవులతో విన్నానని అరిచాను. కాంటా దగ్గరి మనుషులంతా తిరిగి చూశారు. లక్ష్మీకాంతమ్మ నన్ను ఆపలేదు. అంతా అయ్యాక నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"నేను నమ్ముతున్నానమ్మా. ఊక లేకుండా ఎవరైనా ఏం చేస్తారు? కానీ నా మిల్లులో పనివాళ్లు నమ్మరు. అప్పుడే ఇక్కడిదాకా పాకింది. అతను వస్తే మేం పోతామన్నారు. మురిగిన తొట్టి ఎవరి చేతిమీదుగా పోతే వాడి చెయ్యి మంచిది కాదంటారు. సీజన్ మొదట్లో నేను వాళ్లతో పెట్టుకోలేను."

"మిగిలినోళ్లంతా ముందే పోయిండ్రమ్మా. ఆఖరుదాక ఉన్నది ఈయన, ఒక ముసలాయన, ఇద్దరే!"

"అందుకేనమ్మా," అందామె. "ఉన్నవాడి పేరే బయటికొస్తుంది. పోయినవాడి పేరు ఎవరు తలుచుకుంటారు?"

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏడ్చాను. ఎవరు చూస్తే నాకేం. రమేష్ ఖాళీ తొట్టి చూసి పోయాడు, వాడి మీద మచ్చ లేదు. ఆ శుక్రవారం ఈయన కూడా నీళ్లు వదలకుండా ఇంటికొచ్చేసి ఉంటే, ఆ వడ్లు బస్తాల్లోనే ఉండేవి, చెడేవి కావు, ఈయన కోదాడలో ఉండేవాడు. కాపాడదామని ఉండి, కాపాడలేక, చెడగొట్టినవాడన్న పేరు మోస్తున్నాడు. మిర్యాలగూడ నుంచి కోదాడ దాకా ఏ బాయిలర్ దగ్గరా ఇంక ఆయనకు చోటు లేదు. ఆయనకొచ్చిన పని అదొక్కటే. ఇంటికి పోగానే ఇదంతా ఆయన మొహం మీదే కడిగేయాలనుకున్నాను. చెప్తే విన్నావా అని అడగాలనుకున్నాను. మాటలన్నీ వరసగా పేర్చుకున్నాను కూడా.

ఇంటికి వచ్చేసరికి సాంసన్ గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి, లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చాడు. చేతుల వాసన నాకు తగలకుండా చెంబును అంచు పట్టుకుని అందించాడు. నేను తాగేదాకా ఆగాడు.

"ఏమన్నదామె?"

నోటిదాకా వచ్చింది. ఆయన కళ్లలోకి చూశాను.

"లేటయిందంట," అన్నాను. "వేరేటోన్ని పెట్టుకున్నరంట."

సాంసన్ తల ఊపాడు. ఖాళీ చెంబు నా చేతిలోంచి తీసుకుని గుమ్మం పక్కన పెట్టాడు.

"ఆమె తప్పేమున్నది? నేనే లేటు చేసిన," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, నన్ను ఓదార్చడానికన్నట్టు కాస్త నవ్వాడు. "పోనియ్ రాణీ. పని పోతే పోయింది. సాంసన్ నిండు తొట్టి ఇడిసి పోయిండని మాత్రం ఎవ్వడనడు."

"అనరు," అన్నాను నేను. "ఆ మాట ఎవరూ అనరు."